జింకలోళ్ళ మైల

నేను కాపురానికి వచ్చిన నాడే మా అత్త బీరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఈ ఇంట్లో రెండు పేర్లు నా నోట రాకూడదని చెప్పింది. ఒకటి మా ఆయన పేరు. అది ఏ ఇంట్లోనైనా ఉన్నదే కాబట్టి తల ఊపాను. రెండోది జింక. దానికి మాత్రం నవ్వొచ్చింది.

"నవ్వకు బిడ్డా. గది మనింటి పేరు. జింకలోళ్ళం మనం. పెద్దల పేరు కోడండ్లు తియ్యొద్దు," అంది అత్త.

"మరి కండ్లవడితె ఏమనాలె అత్తమ్మా?"

"పెద్దోళ్ళు అను. పెద్దోళ్ళు మేస్తున్నరు, పెద్దోళ్ళు పండుకున్నరు, గట్ల."

మా పుట్టిల్లు కుల్కచర్ల. అక్కడ ఎవరి వలలోనైనా జింక పడితే ఆ పూట వాడకంతా పండగే. తాండూరు పక్కన ఈ ఊరికి వచ్చేసరికి అదే జింక నాకు మామగారికి మామగారై కూర్చుంది. కంది చేలో పడి ఆ పెద్దలు చిగుళ్ళు గీరుకు తింటుంటే మా మామ మల్లప్ప గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టేవాడు. రాయి విసరడు, కుక్కను ఉసిగొల్పడు, ఉత్త చప్పట్లే. అవి తలెత్తి చూసి, పోనీలే పెద్దమనిషి అడుగుతున్నాడు అన్నట్టు చెంగుచెంగున దూకుతూ పోయేవి. ఇంటి పేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అన్నట్టుంది మన బతుకు అని నేను పొయ్యి దగ్గర గొణిగేదాన్ని. మా ఆయన విని నవ్వేవాడు. ఆయన పేరు ఊళ్ళో వాళ్ళ నోట బిచ్చయ్య.

ఆ ఇంటి కట్టుబాటు పేరుతోనే ఆగలేదు. ఊరి పొలిమేరలో జింక చస్తే జింకలోళ్ళకు మైల. ఇంట్లో మనిషి పోయినట్టే. తెల్లబట్ట కప్పి పూడ్చాలి, తల గొరిగించుకుని కుండ మోయాలి, పిట్టకు ముద్ద పెట్టాలి, దినాలు అయ్యేదాకా ఇంటివాళ్ళు గడప దాటకూడదు. నేను వచ్చిన ఏడే కుక్కలు కరిచిన ఆడ జింక ఒకటి మా చేలో పడి చచ్చింది. మా మామ నున్నటి గుండుతో గోడకు ఆనుకుని కూర్చుంటే నేను ముక్కు మీద వేలేసుకున్నాను. నన్ను నీళ్ళకు కూడా పోనివ్వలేదు. పక్కింటి భాగమ్మ మా వాకిట్లో కుండలు దింపి పోయేది, ఆమె మొగుడు మా గొర్రెలను కూడా తన మందలో కలుపుకుని మేపాడు.

ఎందుకింత అంటే, ఎప్పుడో ఒక కరువులో ఈ ఇంటి మూలపురుషుడు మందతో దారి తప్పి, దూపతో పడిపోయే వేళకు ఒక జింక కనబడిందట. దాని వెనకే పోతే నీళ్ళు దొరికాయట. ఆ రుణానికి ఆ పేరు పెట్టుకున్నారట. బాగానే ఉంది. కాని రుణం తీరడానికి ఒక గడువు ఉండాలి కదా, తరతరాలా అని నా బాధ.

నేను చెప్పబోయే ఎండాకాలం పోలీసు చర్య అయిన అయిదారేళ్ళకు వచ్చింది. జాగీర్లు పోయాయి. కొత్త అధికార్లు వచ్చారు, వాళ్ళతో జీపులు వచ్చాయి. అంతకుముందు ఏడాది వానలు మొహం చాటేశాయి. హోళీ నాటికే చెరువు పగుళ్ళిచ్చింది. చేదబావిలో మనుషులు తాగడానికి ఇంత ఊరేది గాని గొర్రెలకు ఎక్కడిది? ఊరికి పడమట గుత్తెదారు నర్సింహులు బండలు తీసి వదిలేసిన పెద్ద గుంత ఉండేది. అడుగున ఊట పడి, నడి ఎండల్లోనూ నడుం లోతు నీళ్ళుండేవి. మా మందకు ఆ గుంతే ప్రాణం. ఆ మందే మాకు ప్రాణం. అది ఉంటే మేము మా ఇంట్లో ఉంటాం, లేకపోతే తట్ట పట్టుకుని అదే గుత్తెదారు గనిలో బండలు మోస్తాం. మధ్యలో ఇంకో బతుకు లేదు.

ఒకనాడు పొద్దున మేము గొర్రెలకు నీళ్ళు పెడుతుంటే నర్సింహులు గుంత గట్టుకు వచ్చాడు. తెల్లబట్టల మీద రాతిదుమ్ము పడకుండా దులుపుకుంటూ మామను పిలిచాడు.

"మల్లప్పా, ఐతారం నాడు పట్నం నుంచి సాబు వస్తుండు. నా కొత్త గనికి మంజూరి గాయన చేతుల ఉన్నది. షికారంటె పాణం ఇడుస్తడు. జర జీపుల గూసోని గీ జింకలు యాడ పండుకుంటున్నయో చూపెట్టు."

"నాతోని గాదు దొరా. మీకెర్కే గద, అవి మా ఇంటోళ్ళు," అన్నాడు మామ.

"ఇంటోళ్ళయితె ఇంట్ల కట్టేసుకో. బయట తిరిగేటియి అందరియి."

తాగుతున్న గొర్రెల వైపు చూస్తూ నిలబడ్డాడు మామ. నర్సింహులూ వాటినే చూశాడు.

"నీళ్ళు మంచిగున్నయా?"

"మీ దయ దొరా."

"దయ రెండు దిక్కుల ఉండాలె మల్లప్పా. ఒక్క దిక్కే ఉంటె అది ఎక్కువ దినాలు నిలవడదు."

కోపంగా అనలేదు. ఇంటి విషయం మాట్లాడుతున్నట్టే అన్నాడు. మర్నాటికి గుంత చుట్టూ తుమ్మకంపలు పడ్డాయి. కాపలాదారు ఎంకయ్య కర్ర పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. అతను మాకు దూరపు చుట్టమే. అయినా మొహం పక్కకు తిప్పుకుని, "నన్ను తిట్టకు అక్కా, నా కడుపు నాది," అన్నాడు.

దూపకు గొర్రె అరవదు. ఆ సంగతి ఆ వారంలో తెలిసింది. మొదట్లో అరుస్తుంది, తర్వాత నోరు తెరిచి నిలబడుతుంది. తల్లులకు పాలు ఎండిపోయాయి. పిల్లలు పొదుగులు కుమ్మి కుమ్మి, తల్లి కాళ్ళ మధ్యే పడుకుని లేవడం మానేశాయి. నేను, అత్త చేదబావిలో మా వంతు నీళ్ళు తెచ్చి, నోట్లో గుడ్డ తడిపి పిండేవాళ్ళం. ఒక్కొక్క పిల్లను పాతిపెట్టి వచ్చినప్పుడల్లా మామ చేతులు కడుక్కోవడానికి నీళ్ళు వద్దనేవాడు, మట్టితో రుద్దుకునేవాడు. నాకు ఆయన మీద జాలీ కలిగేది, ఒళ్ళూ మండేది.

ఆదివారం రెండు రోజులుందనగా, సాయంత్రం సంకటి ముందు కూర్చుని మా ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"నాయినా, ఐతారం నేను వోత."

మామ చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. "నీళ్ళు చూపెట్టినోన్ని నీళ్ళ కోసం చంపుతమా కొడుకా?"

"నేను చంపుతనా? జాగ చూపెడుత. అంతే."

అత్త నా వైపు చూసింది, నోరు మూసుకోమన్నట్టు. నేను మూసుకోలేదు. నాకు అది చేతకాదు.

"మామా, తప్పయితె కొట్టు. అది నీళ్ళు చూపెట్టింది ఎప్పటి తాతకో. ఇయ్యాల మన గొర్లకు దూప. పేరు తాగితె తీరుతదా?"

ఆయన కొడతాడనుకోలేదు గాని కనీసం అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"నువ్వన్న దాంట్ల తప్పు లేదు బిడ్డా. నేనన్న దాంట్ల సుత తప్పు లేదు. గదే పరేషాన్," అన్నాడు. తర్వాత కొడుకుతో, "పోరా. కాలు రెక్క వట్టి ఆపను. మనింటి కట్టు నీకెర్కే," అన్నాడు.

ఆ చివరి మాట ఎటు పోతుందో నాకు తెలుసు. జింకను చంపినవాణ్ణి ఈ ఇంట్లో అడుగు పెట్టనివ్వరనీ, నీళ్ళకుండ ముట్టనివ్వరనీ అత్త నాకు ఎప్పుడో చెప్పింది. నేను నా మాట వెనక్కి తీసుకోలేదు. ఇప్పటికీ తీసుకోను. కళ్ళ ముందు చస్తున్న జీవం కన్నా గొప్ప పేరు నాకు తెలియదు. కాని ఆ రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. మంద దక్కినా మొగుడు దక్కుతాడో లేదోననే భయం.

ఆదివారం నాడు నేను, అత్త మా చేను మిట్ట మీద మందను నిలబెట్టుకుని ఉన్నాం. జీపు దుమ్ము దూరంగా పుట్టి, తుమ్మలున్న ఒర్రెవాగు దగ్గర ఆగి, మళ్ళీ లేచింది. ఎండలో జింకలు ఎక్కడ ఒదిగి ఉంటాయో జీపులో వాళ్ళకు తెలియదు, గొర్రెల కాపరికి తెలుసు. జింకల మంద మొత్తం ఒక్కసారిగా బయటపడింది. జింకకు ఒక పిచ్చి గుణం ఉంది. తరుముతున్నదాన్ని వదిలి పక్కకు పోదు, దాని ముందు నుంచే అడ్డంగా దాటిపోవాలని చూస్తుంది. ముందొకటి గాల్లోకి లేచింది, దాని వెనక ఇంకొకటి, అట్లా మందంతా ఒకే చోట ఒకే ఎత్తు దూకుతూ జీపుకు అడ్డం పడి దాటాయి. ఏదో కనబడని దడి ఉన్నట్టు ప్రతిదీ అక్కడే లేస్తోంది. అంత బాధలోనూ నేను నోరు తెరిచి చూశాను. అప్పుడు తుపాకి పేలింది. చివర వస్తున్న నల్ల మగది లేచింది గాని దిగడం సరిగా దిగలేదు.

"అయ్యో నా తండ్రీ," అంది అత్త. అని అక్కడే కూలబడింది.

పొద్దు వాలే వేళకు మా ఆయన వచ్చాడు. చేతిలో మోదుగాకుల పొట్లం. అంగీ మీద నెత్తురు. వాకిట్లోకి రాకుండా బయటే నిలబడి ముందు నాతోనే మాట్లాడాడు.

"కంపలు తీసిండ్రు. మందను తోలుకవో."

"ఏంది గది?"

"నా వంతంట. తొడ. వద్దంటె ఇనలే." పొట్లం ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "కాలిరిగినంక సుత లేసి దుంకవోయింది, జంగీ. రెండుసార్లు వోయింది. సాబు నగిండు. కొమ్ములు వట్టుమన్నరు నన్ను. వట్టిన."

మామ లోపలి నుంచి వచ్చాడు. మేమంతా ఆయన నోటి వంకే చూస్తున్నాం. ఆయన తలకు చుట్టుకున్న రుమాలు విప్పి, దులిపి, రెండు చేతుల మీద పరిచి కొడుకు ముందు పట్టాడు. మా ఆయన ఆ పొట్లం అందులో పెట్టాడు.

"ఎంత దొరికితె అంతకే చేసుకుందం. మంగలిని పిలుసుకరా. గుండు గొరిగిచ్చుకో," అన్నాడు మామ.

"చంపినోన్ని నేనే గద నాయినా."

"అయితె? చంపినంత మాత్రాన కొడుకువు గాకుండ వోతవా? నాకున్నది నువ్వొక్కనివే. కుండ ఇంకెవడు మోస్తడు?" అని నా వైపు తిరిగి, "బిడ్డా, పూడ్చేదాక మైల వట్టది, నువ్వు మందను తోలుకవో. జీవాలకేం మైల," అన్నాడు.

నేను గొర్రెలను గుంతలోకి దింపి, అవి తాగుతుంటే గట్టున కూర్చుని బోరుమని ఏడ్చాను. అవి తాగుతున్నందుకు ఏడ్చానో, మా ఆయన ఇంట్లో మిగిలినందుకు ఏడ్చానో, మోదుగాకుల్లో చుట్టిన ఆ కాలు కోసమే ఏడ్చానో, అన్నీ కలిసే ఉన్నాయి.

ఒక్క తొడకు చావు చేస్తున్నారని ఊరంతా చూడ్డానికి వచ్చింది. ఆ దినాల్లో మా మందను భాగమ్మ మొగుడే గుంతకు తోలాడు. పిట్టకు పెట్టిన నాడు బడి పంతులు కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచివాడే గాని తెలిసింది చెప్పకుండా ఉండలేని మనిషి.

"మల్లప్పా, పుస్తకాల్లో దీనికి చాలా పేర్లున్నాయయ్యా. కురంగం అంటారు, నేల మీద గంతులేసేది అని. హరిణం అంటారు. పాటకు లొంగిపోయేది అని అర్థం చెబుతారు. పాట వింటే కదలకుండా నిలబడిపోతుందట."

"మా తల్లిగారి దిక్కు చిగరి అంటరు పంతులూ. కన్నడంల చిగియుడు అంటె దుంకుడే," అంది అత్త లోపలి నుంచి. ఆమెది కాగ్నా ఏటి అవతల, సేడం దిక్కు.

"అందరు దుంకుడే చూసిండ్రు," అన్నాడు మామ. "పాటకు నిలవడేదాన్ని తుపాకితోని కొట్టుడెందుకు పంతులూ?"

పంతులు కండువా దులుపుకుని లేచిపోయాడు. కాకి మాత్రం చాలాసేపు ముద్ద ముట్టలేదు. గుండుతో, మెడలో తడిబట్టతో మా ఆయన రెండు చేతులూ జోడించి నిలబడి, పెదాలు కదుపుతూ ఏదో చెప్పుకున్నాడు. ఏం చెప్పుకున్నాడో నేను అడగలేదు. చివరికి ఒక కాకి దిగింది.

ఈ సంగతి తాండూరు దాకా పాకింది. పట్నం సాబు షికారు చేస్తే ఊళ్ళో దినాలు చేస్తున్నారట అని హోటళ్ళ దగ్గర నవ్వుకున్నారట. నవ్వు సాబు చెవిన కూడా పడింది కాబోలు, నర్సింహులు జీపులో నేరుగా మా వాకిట్లోకి వచ్చాడు. దిగకుండానే పిలిచాడు.

"బిచ్చయ్యా, ఏం తమాష గిది? నా ఇంటికొచ్చిన పెద్దమనిషిని ఖూనీకోరును చేస్తిరి గద. అయిందేదో అయింది. సాబుకు ఇంకోటి గావాలంట. తువ్వాల చుట్టుకోని జీపెక్కు. నీకు గనిల మేస్త్రి పని సుత ఇస్త."

మా ఆయనకు జీపన్నా, నెలజీతం పనన్నా ఎంత మోజో నాకు తెలుసు. ఆయన గడప లోపల నిలబడి, గడప వంకే చూస్తూ చెప్పాడు.

"మైలల ఉన్న దొరా. గడప దాటరాదు."

"ఎవని మైలరా? జింక మైలా?"

"మా ఇంటోడు వోయిండు."

గట్టిగా కూడా అనలేదు. చుట్టం వస్తే చెప్పినట్టు చెప్పాడంతే. నర్సింహులు, "మంచిది. ఇంటోళ్ళతోనే నీళ్ళు గూడ తెప్పిచ్చుకోండ్రి," అని జీపు తిప్పించాడు. ఆ మధ్యాహ్నమే గుంత చుట్టూ మళ్ళీ కంపలు పడ్డాయి.

ఇప్పుడు మా బతుకు ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. మందను తోలుకుని కాగ్నా ఒడ్డుకు పోవాలి. అక్కడ ఇసుకలో చెలిమెలు తవ్వితే నీళ్ళు దొరుకుతాయి. ఊళ్ళో మిగతా కురుమవాళ్ళు తమ మందలతో అప్పటికే వెళ్ళిపోయారు. భాగమ్మ మొగుడూ ఆ పూటే పోయాడు. మేమేమో మైలలో ఉన్నామని నోటితో చెప్పి కూర్చున్నాం. చెప్పిన మాట తప్పి గడప దాటితే, నర్సింహులు మైల అంటే తమాషా అన్నది నిజమవుతుంది. కూర్చుంటే దొడ్డిలో గొర్రెలన్నీ పోతాయి. తండ్రీ కొడుకులు చెరో గోడకు ఆనుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు.

అప్పుడు అత్త లేచి చీర చెంగు నడుముకు దోపింది.

"మైల ఎవ్వరికి? ఈ ఇంట్ల పుట్టినోళ్ళకు. నేను పుట్టలే, ఇది పుట్టలే. పేరే తియ్యొద్దన్నంక మాకు మైలేంది? కోడండ్లకు లేదు. జంగమ్మా, లే. మందను ఇడువు."

మామ ఆశ్చర్యంగా చూశాడు. "గట్ల ఉన్నదానే?"

"ఉన్నది. మీ అవ్వ చెప్పింది నాకు."

మామ తన గొంగడి, కర్ర తెచ్చి నాకు ఇచ్చాడు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు మంద వెంట ఊరు దాటింది లేదు. మా ఆయన గడప లోపలి నుంచే, "ముంగట నల్ల పొట్టేలును నడిపియ్యి, మిగిలినయి దాని ఎంబడి వస్తయి. దినాలు అయితనే నేనస్త," అన్నాడు.

ఊరి పొలిమేర దాటాక నేను ఆగలేకపోయాను.

"అత్తమ్మా, పోయినసారి మైలల నన్ను నీళ్ళకు సుత పోనియ్యకపోతివి గద?"

"పోనియ్యలే."

"మరి మీ అత్త చెప్పిందంటివి?"

"సచ్చినామె వచ్చి కాదంటదా? ఇప్పుడే పెట్టిన ఆ కట్టు. నడువు, నడువు," అంది. ఇద్దరం ఎండలో పడి నవ్వాం. ఆ ఎండాకాలమంతట్లో నేను నవ్వింది అప్పుడే.

కాగ్నా ఒడ్డున అత్త పుట్టింటివాళ్ళు మాకు నీడనిచ్చారు. ఏటి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో చెలిమెలు తవ్వాం. గోళ్ళు అరిగిపోయాయి. నీళ్ళు ఊరేదాకా ఆగి, ఒక్కొక్క గొర్రెను పట్టి తాగించాం. దారిలోనే కొన్ని పడిపోయాయి, అక్కడికి వచ్చాక కొన్ని. పిల్లలు దాదాపు మిగల్లేదు. పెద్దవి మాత్రం సగానికి సగం నిలబడ్డాయి. సాయంత్రమయ్యేసరికి నేను తూర్పు దారి వైపు చూసేదాన్ని. దినాలు అయిపోయి ఉంటాయి. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు అనుకున్నాను. రాలేదు.

మా ఊరి నుంచి అక్కడికి కాపురానికి వచ్చిన యాదమ్మ అని ఒకావిడ పుట్టింటికి పోయి వచ్చింది. మా చెలిమె దగ్గర కూర్చుని నసిగింది.

"జీపు ఆగుతలేదు అక్కా. ఐతారం ఐతారం వస్తనే ఉన్నది. మొన్న రెండు వడ్డయంట. ఎవడో మీ కురుమోడే జాగ చూపెడుతుండు అంటున్నరు."

"ఎవడు?"

"నేను చూడలే. మీ ఇల్లయితె తలుపు దగ్గరేసి ఉన్నది. మీ ఆయన బయట యాడ కనవడలే."

నాకు ఇంకేం కావాలి? కథ అంతా నేనే అల్లుకున్నాను. మేస్త్రి పని, జీపు, నీళ్ళు. గడప లోపల నిలబడి ఆడిన మాట దినాలతో పాటే అయిపోయి ఉంటుంది. అత్తతో అంటే, "నా కడుపుల పుట్టినోడు, నాకెర్కలేదా?" అంది గాని ఆమె గొంతులోనూ బలం లేదు. అప్పటి నుంచి మేము ఆయన మాట ఎత్తలేదు. నేను ఇసుక తవ్వుతూ ఆయన్ని మనసులో తిట్టేదాన్ని. నువ్వు మళ్ళీ జీపు ఎక్కి ఉంటే, మీ నాయన నిన్ను ముట్టనిచ్చిన ఆ నీళ్ళకుండ నేనే పగలగొడతాననుకున్నాను. మొదటిసారి పొమ్మన్నదాన్ని నేనే. అది ఆకలి. రెండోది ఆకలి కాదు, ఆశ. ఆ తేడా నాకు తెలుసు.

మృగశిర కార్తెను మా వైపు మిరుగం అంటాం. ఆ ఏడు మిరుగం మాట నిలబెట్టుకుంది. ఏటి అవతల ఉరుములు మొదలై, ఒక మధ్యాహ్నం ఇసుక మీద పెద్ద చినుకులు పడ్డాయి. మర్నాడే మందను తిప్పాం. దారి పొడుగునా గుంటల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. గొర్రెలు ప్రతి గుంట దగ్గరా ఆగి, నమ్మకం లేనట్టు తాగి, మళ్ళీ నడిచాయి. మా మిట్ట మీదికి వచ్చాక నేను అలవాటుగా ఒర్రె వైపు చూశాను. తుమ్మలు తడిసి నల్లగా నిలబడి ఉన్నాయి. బీడు మీద లేత గడ్డి మొలుస్తోంది. దాన్ని మేసేవి ఏవీ లేవు.

వాకిట్లో భాగమ్మ నీళ్ళకుండ దింపుతోంది. మమ్మల్ని చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆమెతో మాట్లాడే ఓపిక లేదు. అనాలనుకున్నవన్నీ గొంతు దాకా తెచ్చుకుని తలుపు తోశాను.

తండ్రీ కొడుకులు నేను వదిలి వెళ్ళిన చోటనే ఉన్నారు. మామ చాప మీద పడుకుని ఉన్నాడు, ఎముకలే మిగిలాయి. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఇన్ని వారాల్లో తల మీద ఇంత జుట్టు రావలసింది. నున్నగా, ఇవాళో నిన్నో గొరిగినట్టుగా ఉంది. వేసవి అంతా ఎండ మొహం చూడని మనిషి తెలుపు. తిట్లన్నీ ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

"జీపెక్కి చూపెడుతున్నోడు..." అన్నాను.

"ఎంకయ్య. మొదటిసారి నా పక్కనే గూసున్నడు గద. జాగ చూసుకున్నడు. నేను ఒక్కసారి చూపెడితె సాలింది," అన్నాడు.

"మరి నువ్వు? దినాలయితనే వస్తనంటివి."

"దినాలు అయ్యేటాల్లకు ఇంకోటి వడ్డది. మల్ల గూసున్నం. అది అయ్యేటాల్లకు రెండు. ఒక్కొక్కదానికి గొరిగిచ్చుకున్న. నాయిన ఇడిసిపెడుదం అన్నడు, నేనే వద్దన్న." వాకిలి వైపు చూశాడు. "మంద ఎట్లున్నది?"

"సగం దక్కింది."

తల ఊపాడు. బయట గొర్రెల గిట్టల చప్పుడు వింటూ లేచి గడప దాకా వచ్చాడు. నల్ల పొట్టేలు వాకిట్లో నిలబడి ఆయన్ని గుర్తుపట్టి అరిచింది. గడప దాటుతాడేమోననుకున్నాను. దాటలేదు. చెయ్యి మాత్రం బయటికి చాపాడు, చినుకులు పడ్డాయి.

"ఇప్పుడు ఎవరి మైల?" అని అడిగాను.

"మొన్న ఆడిది వడ్డది. కడుపుతోనున్నదంట," అన్నాడు. "ఈ దినాలు అయితె బయటికి వస్త జంగీ. ఇంక గూసునే పని వడది. అదే ఆఖరుది."